కర్నూలు, అనంతపురం, కడప గ్రంథాలయాలు తమ పుస్తకాలను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోగలవా?

తుంగభద్ర (కర్నూలు):

అందరికీ నమస్కారం. కె.సి. (కర్నూలు-కడప) కాలువ మీద ఒక చిన్న పుస్తకం రాయాలని కొంతకాలంగా సమాచారం సేకరిస్తున్నాను. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో సుంకేసుల దగ్గర పని ప్రారంభించడం, లాభం రాక చివరికి 1882లో కాలువను ప్రభుత్వానికి అమ్మివేయడం వరకు చాలామంది రాశారు. ఆ తరువాతి కథకు, అంటే కాలువ కింది పంటలు, నీటి వంతులు, కరువు పనులకు సంబంధించిన పాత పత్రికల సంపుటాలూ, స్థానికంగా అచ్చయిన చిన్న పుస్తకాలూ ఒక్కచోట దొరకడం లేదు. కాలువ రెండు జిల్లాల మీదుగా పారింది కాబట్టి పుస్తకాలు కూడా రెండు జిల్లాల్లో చెదిరి ఉన్నాయి. కొన్ని అనంతపురంలోనూ ఉన్నాయని విన్నాను.

ఆ మధ్య పొరుగు జిల్లాలో ఒక గ్రంథాలయానికి వెళ్లినప్పుడు, నేను ఆ జిల్లా సభ్యుణ్ణి కాను కాబట్టి పుస్తకం ఇంటికి ఇవ్వడం కుదరదన్నారు. అది వారి నియమం, తప్పు పట్టను. అయితే ఆ పుస్తకాన్ని మా ఊరి గ్రంథాలయానికి పంపితే అక్కడే కూర్చుని చదువుకుని తిరిగి అప్పగిస్తానని అడిగితే, అటువంటి పద్ధతి ఏదీ లేదని చెప్పారు. విశ్వవిద్యాలయాల మధ్య ఇటువంటి ఏర్పాటు ఉందని తెలుసు. పౌర గ్రంథాలయాల మధ్య ఎందుకు లేదు? అడ్డు వస్తున్నది చట్టమా, డబ్బా, అలవాటా? అనుభవం ఉన్నవారు చెబితే సంతోషిస్తాను. చర్చను పాత మూడు జిల్లాలకు, అచ్చు పుస్తకాలకు పరిమితం చేస్తే బాగుంటుంది.

పాత రిజిస్టరు (అనంతపురం):

గ్రంథాలయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిక పట్టండి.

మన గ్రంథాలయాలు నడుస్తున్నది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద. అంతకుముందు ఇటు ఆంధ్ర ప్రాంతానికి 1948 నాటి మద్రాసు చట్టం, అటు తెలంగాణకు 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. వాటిని కలిపి ఈ చట్టం చేశారు. దీని ప్రకారం ప్రతి జిల్లాకు ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంటుంది. అది ప్రభుత్వ కార్యాలయం కాదు. తన పేరుతో ఆస్తి ఉంచుకోగల, దావా వేయగల చట్టబద్ధ సంస్థ. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసి ఇచ్చే గ్రంథాలయ పన్ను దాని ప్రధాన ఆదాయం. జిల్లా కేంద్ర గ్రంథాలయం, దాని కింద శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, ఆ కింద పుస్తక నిక్షిప్త కేంద్రాలు అన్నీ ఆ సంస్థవే.

దీని ఫలితం ఏమిటంటే, ఒక జిల్లా లోపల పుస్తకం కదలడానికి ఏ అభ్యంతరమూ లేదు. నిజానికి నిక్షిప్త కేంద్రం అనే ఏర్పాటే పుస్తకాలను తిప్పడం కోసం వచ్చింది. దగ్గరి శాఖా గ్రంథాలయం నుండి ఒక విడత పుస్తకాలు పల్లెకు వెళ్తాయి, అవి చదవడం అయిపోయాక తిరిగి వచ్చి వేరే విడత వెళ్తుంది. జిల్లా సరిహద్దు దాటేసరికి మాత్రం ఒక సంస్థ ఆస్తి మరొక సంస్థ చేతిలోకి వెళ్లినట్లవుతుంది. అక్కడ ఆడిట్ అభ్యంతరం వస్తుందేమోనన్న భయం మొదలవుతుంది. చట్టం వద్దనలేదు. కానీ ఎట్లా చేయాలో చెప్పే నియమమేదీ చేతిలో లేనప్పుడు, ఏ గ్రంథపాలకుడైనా "కుదరదు" అనడమే క్షేమమనుకుంటాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే కాబట్టి వారిని తప్పుపట్టలేను.

ఇంకొక మాట. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి, జిల్లాలకు మధ్య ప్రాంతీయ గ్రంథాలయాలనే అంచె ఒకటి ఉంది. రాయలసీమకు అది తిరుపతిలో ఉంది. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 2014 విభజనతో తెలంగాణకు వెళ్లిపోయింది. పై అంచె అట్లా పోయినప్పుడు ప్రాంతీయ అంచె బలపడవలసింది. అది ఎంతవరకు జరిగిందో చదివేవారికే వదిలేస్తున్నాను.

సీమ చినుకు (హిందూపురం):

పెద్దవారు కోప్పడకపోతే ఒక ప్రశ్న. ఇప్పుడు అన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి కదా. ఖరగ్‌పూర్ ఐఐటీ నడుపుతున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఉంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. జిల్లాల వివరాలతో బ్రిటిషు కాలంలో ప్రభుత్వం వేసిన మాన్యువళ్లు, గెజిటీర్లు అన్నీ స్కాన్ అయ్యాయి. పుస్తకాలను బస్సుల్లో ఊరూరా తిప్పడం ఈ కాలంలో అవసరమా?

తుంగభద్ర (కర్నూలు):

గ్రిబిల్ రాసిన 1875 నాటి కడప మాన్యువలు, గోపాలకృష్ణమ చెట్టి రాసిన 1886 నాటి కర్నూలు మాన్యువలు, ఫ్రాన్సిస్ రాసిన 1905 నాటి అనంతపురం గెజిటీరు నాకు అట్లాగే దొరికాయి తమ్ముడూ, ఆ మేలు మరువను. అయితే గమనించండి, దొరికేవి ఎక్కువగా ఇంగ్లీషులో ప్రభుత్వం అచ్చువేయించినవి. 1930ల నుండి 1970ల దాకా మన ఊళ్ల ముద్రణాలయాల్లో ఐదువందలో వెయ్యో ప్రతులు వేసిన తెలుగు పుస్తకాలు, జిల్లా వారపత్రికలు, సహకార సంఘాల నివేదికలు, సభల ప్రత్యేక సంచికలు అక్కడ చాలా అరుదు. వాటిని ఎవరైనా స్కాన్ చేయాలన్నా, ముందు ఏ బీరువాలో ఏది ఉందో తెలియాలి.

జిల్లాల సరిహద్దులు మారడం ఇంకొక చిక్కు. అనంతపురం 1882లో బళ్లారి నుండి విడిపోయింది. కంభం, గిద్దలూరు, మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలులోనే ఉన్నాయి. మదనపల్లె 1911 వరకు కడపది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, పుట్టపర్తి కేంద్రాలుగా కొత్త జిల్లాలు వచ్చాయి. ఊరు జిల్లా మారినంత మాత్రాన ఆ ఊరి గురించిన పుస్తకాలు కొత్త జిల్లా కేంద్రానికి నడిచి రావు.

ఎర్రమల (కడప):

నేను ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. విశ్వవిద్యాలయాల ఏర్పాటు గురించి తుంగభద్రగారు ప్రస్తావించారు కాబట్టి అది ఎట్లా నడుస్తుందో చెబుతాను. ఢిల్లీలో 1988లో మొదలై 1992లో సొసైటీగా నమోదైన డెల్‌నెట్ అనే గ్రంథాలయాల నెట్‌వర్క్‌లో సభ్యత్వం ఉన్న గ్రంథాలయాలు తమ పుస్తకాల జాబితాలను ఒక ఉమ్మడి సూచికలో చేరుస్తాయి. మా విద్యార్థికి కావలసిన పుస్తకం మా దగ్గర లేకపోతే ఆ సూచికలో వెతికి, ఉన్నచోటికి అభ్యర్థన పంపుతాము. అరువు తీసుకునేది గ్రంథాలయం, చదివేది విద్యార్థి. పుస్తకం పోతే జవాబు చెప్పవలసింది మేమే గాని విద్యార్థి కాదు. ఈ ఒక్క సూత్రం మీదే మొత్తం వ్యవహారం నిలబడి ఉంది.

పౌర గ్రంథాలయాలకు ఈ పద్ధతి పనికిరాదని అనను, కానీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాము. ఆ మెట్టు ఉమ్మడి సూచిక. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు లేదనే మాట ఇప్పుడు చెల్లదు. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన కోహా ఉచితం. మన ఎన్.ఐ.సి. (కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు సేవల సంస్థ) వారి ఈ-గ్రంథాలయ ఉంది, అందులో కొన్ని గ్రంథాలయాలను ఒక సమూహంగా చేర్చి ఒకే సూచికలో వెతికే వీలు కూడా ఉంది. కష్టమంతా సమాచారం ఎక్కించడంలో ఉంది.

తెలుగు పుస్తకాల జాబితాలు చేసినవారికి ఈ బాధ తెలుస్తుంది. ఒకచోట "రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ" అని ఎక్కిస్తారు, ఇంకొకచోట "రాళ్లపల్లి" అంటారు, మూడోచోట "అనంతకృష్ణ శర్మ, ఆర్." అని ఉంటుంది. కంప్యూటరుకు వీరు ముగ్గురు మనుషులు. ఇది చాలదన్నట్లు కొన్ని పాత జాబితాలు యూనికోడ్‌కు ముందటి ఖతుల్లో టైపు చేసినవి. వాటిని తెరిస్తే తెలుగు అక్షరాల చోట గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ఇంకొన్నింటిలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు రాసినవి ఉంటాయి. మూడు జిల్లాల జాబితాలు ఒకచోట చేర్చేముందు రచయితల పేర్లకు ఒక ప్రామాణిక పట్టిక తయారు కావాలి. ఇది ఏ టెండరుతోనూ అయ్యే పని కాదు. తెలుగు తెలిసిన ఇద్దరు ముగ్గురు కూర్చుని కొన్ని నెలలు ఓపికగా చేయవలసిన పని.

నల్లమల నీడ (నంద్యాల):

చర్చ బాగుంది గాని నేలమీద పరిస్థితి కూడా చూడాలి. సాయంత్రం ఏ శాఖా గ్రంథాలయానికైనా వెళ్లి చూడండి. నూటికి తొంభై మంది గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదువుకునే పిల్లలే. వాళ్లు సొంత పుస్తకాలు సంచిలో తెచ్చుకుని ఫ్యాను కింద కుర్చీ కోసం, చరవాణి చార్జింగు పెట్టుకునే ప్లగ్గు కోసం వస్తారు. గేటు తెరవకముందే సంచులు వరసలో పెట్టి స్థలం ఆపుకుంటారు. వారికి కావలసింది కుర్చీలు, వెలుతురు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, రాత్రి ఇంకో రెండు గంటలు తలుపు తెరిచి ఉంచడం. పక్క జిల్లా నుండి 1950 నాటి పత్రిక సంపుటం తెప్పించడం వీరిలో ఒక్కరికీ అక్కరకు రాదు. ఉన్న సిబ్బందే తక్కువ, ఖాళీలు భర్తీ కావు, స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును సకాలంలో జమ చేయవు. ఇటువంటప్పుడు కొత్త పని నెత్తిన పెట్టడం న్యాయమా?

పాత రిజిస్టరు (అనంతపురం):

నల్లమలగారూ, మీరు చెప్పినది అక్షరాలా నిజం, దానితో నాకు పేచీ లేదు. అయితే కుర్చీల సమస్య డబ్బుతో తీరేది, పుస్తకాల సమస్య ఒప్పందంతో తీరేది. ఒకదాని కోసం రెండోదాన్ని ఆపనవసరం లేదు. పైగా పోటీ పరీక్షల పుస్తకాలను ఈ ఏర్పాటులోకి తేవద్దనే నేనూ అంటాను. వాటికి ప్రతి ఊళ్లోనూ ఒకే సమయంలో గిరాకీ ఉంటుంది, ఏడాది తిరిగేసరికి అవి పాతబడిపోతాయి. పంచుకోవడానికి పనికివచ్చేవి ఎప్పుడో ఒకరికి మాత్రమే అవసరమయ్యేవి, మళ్లీ కొనాలంటే దొరకనివి.

ఇక పుస్తకం పోయే సంగతి. మన వృత్తిలో అన్నిటికన్నా పెద్ద భయం ఇదే. స్టాకు తనిఖీలో పుస్తకం కనబడకపోతే చేర్పు రిజిస్టరులో (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస అంకె వేసి రాసుకునే పుస్తకంలో) దాని అంకె ఎదుట ఎర్ర సిరాతో గుర్తు పడుతుంది. చాలాచోట్ల దాని వెల గ్రంథపాలకుడి జేబు నుండే వసూలవుతుంది. అందువల్లే మంచి పుస్తకం ఎంత మంచిదైతే అంత గట్టిగా బీరువాకు తాళం పడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో సవరించిన సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నియమం దీనికి ఒక దారి చూపింది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వారు అక్కడే చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు వరకు పోవడం సహజమేనని, నిర్లక్ష్యమో మోసమో లేనప్పుడు దానిని నష్టంగా ఎంచనక్కరలేదని అది చెబుతుంది. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ నియమం జిల్లా సంస్థలకు నేరుగా వర్తించేది కాదు. అయినా మూడు సంస్థలు కలిసి ఒప్పందం రాసుకునేటప్పుడు ఇదే కొలతను అందులో చేర్చుకోవడానికి ఏ అడ్డూ నాకు కనిపించదు. ఒప్పందం లేకుండా మంచితనం మీద నడిపితే మొదటి పుస్తకం పోయిన రోజునే అది ఆగిపోతుంది.

గుత్తి కోట (గుత్తి):

రవాణా గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది పార్సిళ్లతో రోజూ పని ఉండే వ్యాపారం.

కర్నూలు నుండి అనంతపురానికి డోన్, గుత్తి మీదుగా, కర్నూలు నుండి కడపకు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా, అనంతపురం నుండి కడపకు తాడిపత్రి, ముద్దనూరు మీదుగా పగలూ రాత్రీ ఆర్టీసీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఆర్టీసీ కార్గో కౌంటరులో ఉదయం పెట్టెను అప్పగిస్తే సాధారణంగా ఆ రోజే అవతలి బస్టాండుకు చేరుతుంది. అక్కడికి ఎవరైనా వెళ్లి తెచ్చుకోవాలి, అంతే. గ్రంథాలయాలు చాలావరకు ఊరి మధ్యలోనే ఉంటాయి కాబట్టి అది పెద్ద పని కాదు.

నా సలహా ఏమిటంటే ఒక్కొక్క పుస్తకాన్ని విడిగా పంపవద్దు. వారానికో, పదిహేను రోజులకో ఒకసారి, అభ్యర్థనలన్నీ పోగుచేసి తాళం పడే రేకు పెట్టెలో పంపండి. రెండు తాళం చెవులు చేయించి చెరొకటి ఉంచుకుంటే సరిపోతుంది. గోనెసంచి వద్దు. సంచిని ఎత్తేవారు మూతి పట్టుకుని లాగుతారు, బరువంతా అడుగున ఉన్న పుస్తకాల మూలల మీద పడి అట్టలు ఊడతాయి. పెట్టెలోనూ పుస్తకాలను నిలువుగా పెట్టకుండా పడుకోబెట్టి, సందుల్లో పాత న్యూస్‌పేపరు కుక్కాలి. పుస్తకాల పట్టిక రెండు ప్రతులు రాసి, ఒకటి పెట్టెలో వేసి, ఒకటి పంపినవారి ఫైలులో ఉంచాలి. వాన కాలంలో పెట్టె లోపల ప్లాస్టిక్ పట్టా పరచడం మరవకూడదు. బస్సు డిక్కీలోకి నీళ్లు వస్తాయి.

బస్సు లేని ఊళ్లకు తపాలా ఉంది. పాత బుక్ పోస్టును 2024 చివర్లో ఎత్తేశారని పుస్తకాలవాళ్లంతా గగ్గోలు పెట్టారు కదా. తరువాత 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్ట్ పేరుతో చదువు, సాహిత్య, సాంస్కృతిక పుస్తకాలకు వేరే సేవ పెట్టారు. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు. నేలమార్గంలోనే వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది గాని ఈ పనికి తొందరేముంది?

కలం దవాత్ (ఆదోని):

గుత్తి కోటగారి రేకు పెట్టె చదివాక నాకు ఒక ఆలోచన వచ్చింది. మా ఇళ్లలో ఉర్దూ చదివేవారు ఉన్నారు. కర్నూలు, కడప, ఆదోని, ప్రొద్దుటూరు, అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయమే వచ్చింది. కానీ నేను చూసిన శాఖా గ్రంథాలయాల్లో ఉర్దూ పుస్తకాలంటే ఒకటో రెండో అరలు, అవి కూడా ఎప్పుడో కొన్నవి. చదివేవారు వాటిని ఎప్పుడో చదివేశారు, కొత్తవి రావు, అందుకని గ్రంథాలయానికి రావడం మానేస్తారు. వాడకం లేదని చెప్పి కొత్తవి కొనరు.

ఒక్కొక్క ఊరి పాఠకుల కోసం కొనాలంటే ఎవరికీ గిట్టదు. అదే నాలుగు ఊళ్లు నాలుగు రకాల పుస్తకాలు కొని, ఒక పెట్టె చొప్పున మూడు నెలలకొకసారి ఊరు మార్చుకుంటే ప్రతి ఊరికీ నాలుగింతలు పుస్తకాలు వచ్చినట్లే. పాఠకుడు అభ్యర్థన పెట్టనవసరం లేదు, సూచిక సిద్ధమయ్యేదాకా ఆగనవసరమూ లేదు. పాత రిజిస్టరుగారు చెప్పిన నిక్షిప్త కేంద్రం పద్ధతినే జిల్లాల మధ్య చేయమంటున్నాను.

హగరి (రాయదుర్గం):

కలం దవాత్‌గారు ఉర్దూకు చెప్పినదంతా మా వైపు కన్నడానికి వర్తిస్తుంది. రాయదుర్గం, మడకశిర, ఆదోని పక్కల కన్నడం ఇంటిభాషగా ఉన్నవారు చాలామంది. మా అవ్వ కన్నడ నవలలు చదివేది. వాటి కోసం బళ్లారి నుండి ఎవరైనా వస్తున్నారా అని ఎదురుచూసేది. బళ్లారి మాకు దగ్గరే గాని రాష్ట్రం వేరు, గ్రంథాలయ చట్టం వేరు. అక్కడి సంస్థతో ఒప్పందం అంటే రెండు ప్రభుత్వాల మాట. ఆ జోలికి పోకుండా కన్నడ పుస్తకాల పెట్టె ఒకటి ఆదోనికి, రాయదుర్గానికి, మడకశిరకు మధ్య తిరిగితే మాకు చాలు. పిల్లల పుస్తకాలు కూడా అందులో ఉండాలని మనవి.

దూరపు కొండ (ఒహాయో, సొంతూరు ప్రొద్దుటూరు):

నేను ఉంటున్న రాష్ట్రంలోనే ఓసీఎల్‌సీ అనే గ్రంథాలయాల సహకార సంస్థ పుట్టింది కాబట్టి ఆ కథ ఇక్కడ పనికివస్తుందని రాస్తున్నాను. 1967లో ఒహాయో కళాశాలలు కలిసి దానిని పెట్టుకున్నాయి. ఇప్పుడు ప్రపంచమంతటి గ్రంథాలయాల సూచిక వారి దగ్గర ఉంది. అయితే వారు మొదట తలపెట్టింది పుస్తకాలను అరువు తిప్పడం కాదు. ఒకే పుస్తకానికి ప్రతి కళాశాలలోనూ ఒకరు కూర్చుని మళ్లీ మళ్లీ కార్డు రాయడం దండగ కాబట్టి, ఒకరు చేసిన సూచికను మిగిలినవారు వాడుకోవాలన్నది వారి ఉద్దేశం. 1971లో కంప్యూటరు ద్వారా అది మొదలైంది. ఎవరి దగ్గర ఏముందో దానివల్ల అందరికీ కనబడసాగింది. అరువు అభ్యర్థనలు పంపే ఏర్పాటు 1979లో గాని రాలేదు. సిబ్బంది తక్కువ అని నల్లమలగారు అన్నారు. సూచికలో సహకారం వల్ల పని పెరగదు, తగ్గుతుందని చెప్పడానికే ఇది రాశాను.

మరో ఉదాహరణ ఫిన్లాండ్‌ది. హెల్సింకి, ఎస్పో, వాంటా, కౌనియైనెన్ అనే నాలుగు నగరాల గ్రంథాలయాలు హెల్మెట్ పేరుతో ఒకే సూచిక, ఒకే కార్డు వాడతాయి. ఒక నగరంలో తీసుకున్న పుస్తకాన్ని ఇంకో నగరంలో తిరిగి ఇవ్వవచ్చు. అవి కూడా వేరువేరు పురపాలక సంఘాలే, ఎవరి డబ్బు వారిదే.

నల్లమల నీడ (నంద్యాల):

ఫిన్లాండ్ మాట వదిలేయండి సార్, అక్కడి డబ్బు వేరు, చలి వేరు. కానీ ఒహాయో సంగతి ఆలోచించదగినది. కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు సూచిక రాయడమే మా దగ్గర నెలల తరబడి ఆగిపోతుందని లోపల పనిచేసేవారు చెబుతారు. అదే పుస్తకాల కట్ట మూడు జిల్లాలకూ వస్తుంది కాబట్టి ఒక జిల్లావారు రాసింది మిగతావారికి పనికివస్తుంది.

అయితే ఇక్కడ ఒక అనుమానం. మూడు చోట్లకూ ఒకే పుస్తకాలు వస్తున్నప్పుడు పంచుకోవడానికి ఏం మిగులుతుంది?

పాత రిజిస్టరు (అనంతపురం):

అసలు చిక్కు అక్కడే ఉంది. కోల్‌కతాలో 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయంతో కొన్నా, రాష్ట్ర స్థాయి ఎంపిక జాబితా నుండి కొన్నా, చివరికి అన్ని జిల్లాల అల్మారాలూ ఒకే తీరుగా తయారవుతాయి. పదిమందికి కావలసిన పుస్తకం పది చోట్ల ఉండడం సబబే. కానీ కొనుగోలు నిధిలో కొద్ది భాగాన్నయినా విడిగా ఉంచి, జిల్లాకో రంగం పంచుకుంటే బాగుంటుంది. కర్నూలువారు ఉర్దూ, నదులు, నీటిపారుదల చూసుకోవచ్చు. అనంతపురంవారు కన్నడం, కరువు, మెట్ట సేద్యం. కడపవారు స్థానిక చరిత్ర, శాసనాలు. కడపలో ఎటూ సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. బ్రౌన్ బంగళా ఉన్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి నిలబెట్టిన సంస్థ అది, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. కైఫియత్తుల (ఊళ్ల చరిత్రలు రాసిన పాత స్థానిక రికార్డుల) సంపుటాలు అక్కడి నుండే వచ్చాయి. జిల్లా సంస్థలు ఆ కేంద్రాన్ని కూడా ఒప్పందంలోకి పిలవాలి.

పుస్తకం పాఠకుడి దగ్గరికి వెళ్లడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. 1931లో తమిళనాడులోని మన్నార్గుడిలో ఎడ్లబండి మీద గ్రంథాలయం తిరిగింది. 1935లో పాతూరి నాగభూషణంగారి చొరవతో కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కర్నూలువారే. ఈ పేర్లన్నీ గ్రంథాలయ వారోత్సవాల్లో ఏటా పూలదండలతో పాటు వింటాము, అక్కడితో సరి.

సీమ చినుకు (హిందూపురం):

ఇన్ని చదివాక అడుగుతున్నాను. బాగా పాతబడిన పుస్తకాన్ని పెట్టెలో పంపడం ప్రమాదం కదా, అటువంటివాటిని స్కాన్ చేసి పంపవచ్చా? కాపీరైటు అడ్డువస్తుందా?

ఎర్రమల (కడప):

మంచి ప్రశ్న. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుండి 60 ఏళ్లు దాటితే ఏ అడ్డూ లేదు. హక్కులు ఉన్నవాటికి కూడా 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షనులో గ్రంథాలయాలకు రెండు వెసులుబాట్లు ఉన్నాయి. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి తన వాడకం కోసం మూడు ప్రతుల వరకు తీసుకోవచ్చు. తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. ఇది 2012 సవరణతో వచ్చింది. అంటే దాచడానికి అనుమతి ఉంది గాని, వాట్సాప్ గుంపుల్లో పంచడానికి లేదు. పేజీలు ముట్టుకుంటే విరిగే స్థితిలో ఉన్న పత్రికలను నేనైతే ఎక్కడికీ పంపను. పాఠకుడే వచ్చి చూడాలి, అయితే ఏ జిల్లా కార్డు ఉన్నా చూడనివ్వాలి. ఈ చివరి మాట ఒప్పందంలో మొదటి వాక్యంగా ఉండాలని నా కోరిక. దానికి పైసా ఖర్చు లేదు.

తుంగభద్ర (కర్నూలు):

అందరికీ కృతజ్ఞతలు. మూడు జిల్లా గ్రంథాలయ సంస్థల కార్యదర్శులకూ, పౌర గ్రంథాలయాల సంచాలకులకూ ఒక వినతి రాస్తాను. అందులో అడిగేవి మూడే ఉంచుదామనుకుంటున్నాను: ఏ జిల్లా సభ్యుడికైనా మిగతా జిల్లాల్లో కూర్చుని చదివే హక్కు, ఉర్దూ కన్నడ పుస్తకాల పెట్టెలు తిప్పడం, పోయిన పుస్తకానికి బాధ్యత ఎవరిదో తేల్చే ఒప్పందం. ఉమ్మడి సూచిక వారు చేసేదాకా ఆగకుండా, అనుమతి దొరికిన చోట స్థానిక చరిత్ర బీరువాల వరకు మనమే పట్టిక తయారు చేద్దామా? ఎర్రమలగారూ, ఏ వివరాలు రాసుకోవాలో చెప్పండి.

ఎర్రమల (కడప):

పుస్తకం పేరు, రచయిత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, అచ్చయిన ఊరు, ముద్రణాలయం, సంవత్సరం, పుటలు, చేర్పు అంకె, ఉన్న గ్రంథాలయం. అన్నీ యూనికోడ్ తెలుగులో. ముఖపత్రం చినిగిపోయి సంవత్సరం తెలియకపోతే ఊహించి రాయవద్దు, ఖాళీగా వదలండి. ముఖపత్రాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, ఫైలుకు చేర్పు అంకెనే పేరుగా పెట్టండి. పేర్ల పట్టిక నేను చూసుకుంటాను.

హగరి (రాయదుర్గం):

రాయదుర్గం బీరువాలు నా వంతు. ఆదివారం కాకుండా వేరే ఏ రోజైనా వెళ్లగలను. కన్నడ పుస్తకాల పేర్లు కన్నడ లిపిలోనే రాయాలా, తెలుగులోనా?

ఎర్రమల (కడప):

రెండింటిలోనూ రాయండి, వేరువేరు గడుల్లో.